మూరెడు లోతు కొసరు

ఆరెకరాల నీళ్లను ఎకరం మిరపచేను ధరకన్నా తక్కువకు కొన్న మనిషి మా చుట్టుపక్కల పదూళ్లలో నేనొక్కదాన్నే. ఇది గొప్పకే చెబుతున్నాను. మూడుసార్లు సంచీ చంకన పెట్టుకుని లేచి వచ్చేశాను, మూడుసార్లూ వెనక్కి పిలిపించుకున్నాను. నాలుగోసారి అమ్మే రైతు నాకోసం టీ తెప్పించాడు. అమ్మేవాడు టీ తెప్పించాడంటే బేరం వాడికి గిట్టిందని అర్థం. వేంసూరు వైపు అంగడింట్లో పుట్టి, నడక రాకముందే తక్కెడ పళ్లెంలో కూర్చున్నదాన్ని, నాకీ సంగతి తెలియక కాదు. టీ బాగుంది, తాగేశాను.

అవి ఎనభైల మొదటి రోజులు. పెళ్లయి అడవి అంచు ఊరికి వచ్చి అప్పటికి పదేళ్లు. మా ఆయన బడిలో పంతులు. దుకాణం నాది. ముందువైపు ఉప్పు, కిరసనాయిలు, సబ్బులు. వెనక గదిలో గూడేల నుంచి సంతకు వచ్చే చీపుళ్లు, వెదురు బుట్టలు, విస్తరాకుల కట్టలు. వాకిట్లో కూర్చుంటే జామాయిల్ కర్ర నింపుకుని సారపాక కాగితం మిల్లుకు పోయే లారీలు రోజంతా కనిపించేవి. జామాయిల్ మొక్క నాటితే చాలట, పెరగడం దాని పనేనట. కాపలా అక్కర్లేదు, మేకలు ముట్టవు. నేను కూర్చున్నచోటు నుంచి కదలకుండా పెరిగే సరుకు ఏదైనా ఉందంటే అదేననిపించింది.

ఏజెన్సీ హద్దుకు అవతలి భూమి మాబోటివాళ్లు కొనకూడదు. హద్దుకు ఇవతల, దాన్ని ఆనుకునే ఈ ఆరెకరాలు ఉన్నాయి. కాగితంలో 'జాలు, సాగుకు పనికిరాదు' అని రాసి ఉంది. కోస్తా నుంచి వచ్చి మిరప వేసుకుంటున్న ఆ రైతు దాన్ని ఊబి అన్నాడు, తన గేదె ఒకటి అందులోనే దిగబడిందని చెప్పాడు. దాచకుండా చెప్పాడు పాపం. ఆ గేదెను చూపించి ధర ఇంకొంచెం తగ్గించుకున్నాను.

కొన్న తర్వాత మా ఆయనను తీసుకెళ్లి చూపించాను. పళ్లెంలాంటి పల్లం. నడుమ మోకాలు లోతు నీళ్లు, చుట్టూ తుంగ, ఒక పక్క మనిషి ఎత్తు జమ్ము. కొంగలు మమ్మల్ని లెక్కచేయకుండా నిలబడి ఉన్నాయి. పల్లం కింది కొసన, వానాకాలంలో నీళ్లు పొర్లి అడవిలోని ఒర్రెలోకి, అదే చిన్న వాగులోకి, జారిపోయే ఒక సన్నటి సందు. అంతకు మించి నాకేమీ కనబడలేదు. నా కంటికి అదంతా గోదాములో పడి ఉన్న కదలని సరుకు. నీళ్లు ఊరికే నిలబడి ఉన్నాయి, ఎవరికీ ఏమీ చేయకుండా.

"జాలంటే ఏందో ఎవర్నన్న అడిగి కొనాల్సింది గదనే," అన్నాడు మా ఆయన.

అడగడానికి ఏముంది, కాలువ కొడితే పోతుంది అన్నాను.

ఎండలు ముదిరాక మట్టిపని మేస్త్రీని పిలిపించాను. పల్లం నడుమ నుంచి కింది సందు దాకా కాలువ తవ్వాలి. వెడల్పు ఇంత, లోతు ఇంత అని మాట్లాడుకున్నాం. అన్నీ తేలాక నేను అలవాటు ప్రకారం కొసరు అడిగాను. మా అంగళ్లలో పప్పు తూచాక పిడికెడు పైన వేయకపోతే కొన్న మనిషి గడప దిగదు. అడగకపోతే అడగడం చేతకాలేదని అమ్మిన మనిషే నవ్వుకుంటాడు. మట్టిపనిలో పిడికెడు ఏముంటుంది? కింది సందు దగ్గర ఇంకో మూరెడు లోతు తవ్విపెట్టమన్నాను. మేస్త్రీ తల గోక్కుని, సరే తియ్యమ్మా అన్నాడు.

కాలువ సందు దాకా వచ్చిన రోజు నేను గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను. మాట్లాడుకున్న లోతు అయిపోయింది. మేస్త్రీ పార ఆపి పైకి చూశాడు.

"అమ్మా, కింద బంక తగిలింది. నల్లగా, రాయిలెక్కుంది. పార దిగుతలేదు. గీడికి ఆపుదమా?"

"కొసరు ఏమైంది?"

"నీళ్లు పోనీకి గీ లోతు సాలు గదమ్మా."

"చాలో చాలదో నేను చూసుకుంటాను. మాట మాటే," అన్నాను.

గడ్డపారలు తెప్పించి పొడిచారు. బంకమట్టి పలకలు పలకలుగా లేచింది. సబ్బు కోసినట్టు నున్నగా ఉంది. సగం పొద్దుకల్లా అది తెగి కింద తెల్లటి ఇసక బయటపడింది. నీళ్లు ముందు సన్నగా కదిలి, తర్వాత గుటకలు వేస్తున్న చప్పుడుతో పోవడం మొదలుపెట్టాయి. పనివాళ్లు అరిచారు. నేనూ నవ్వాను. వారం తిరగకుండానే పల్లం నడుమ నడవగలిగాను. తొలకరికి జామాయిల్ మొక్కలు దిగాయి. ఆ ఏడాది వానలు బాగానే పడ్డాయి, పడిన నీళ్లు పడినట్టే కాలువలోంచి పోయాయి. మా దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ కొసరు కథ చెప్పాను.

మరుసటి ఏడు ఎండలు ఇంకా మొదలవుతుండగానే, సంతరోజు కాని రోజు, గూడెం అక్క వచ్చింది. హద్దుకు అవతల, మా పల్లానికి దిగువన ఒర్రె ఒడ్డున పదమూడు ఇళ్ల గూడెం ఉంది. ఆ గూడెం పెద్దకు భార్య ఆమె. వెదురు బుట్టలు అల్లి నాకు వేసేది. నాకన్నా పదేళ్లు పెద్ద. నేను ధర తగ్గిస్తే వాదించదు, బుట్ట వెనక్కి తీసుకుంటుంది. అందుకని ఆమె దగ్గర నా ఆటలు సాగేవి కావు. ఆ రోజు ఆమె చంకలో బుట్టలు లేవు, ఖాళీ బిందె ఉంది.

"మా చెలిమె ఎండింది సావుకారమ్మా. వచ్చి చూడు," అంది.

వెళ్లాను. ఒర్రెలో ఇసక తవ్వి చేసుకున్న గుంట ఆ చెలిమె. గూడేనికి తాగేనీళ్లు ఎండాకాలం నాలుగు నెలలూ అందులోంచే. వాళ్లకు తెలిసినంతలో అది ఎప్పుడూ ఎండలేదు. ఇప్పుడు ఇద్దరాడవాళ్లు నడుం లోతు గుంటలో కూర్చుని, కొబ్బరి చిప్పతో తడి ఇసక గీకుతున్నారు. పొద్దున నుంచి కూర్చుంటే ఒక బిందె అయిందట. మిగతావాళ్లు రెండు కోసులు నడిచి పెద్దవాగుకు పోయారట. నా ముందరే ఒకామె చిప్ప ఎత్తి, అడుగున ఉన్న గుక్కెడు చూసి, మళ్లీ దించింది. నావైపు ఎవరూ చూడలేదు.

నిరుడు వానలు తక్కువ అన్నాను. అవి తక్కువ కాదని అక్కడున్న అందరికీ తెలుసు, నాకు కూడా.

అక్క నన్ను ఒర్రె వెంబడి పైకి, నా పల్లం దాకా నడిపించింది. ఆమె భాషలో అలాంటి నేలలో ఒక్కో భాగానికి ఒక్కో పేరుంది. అవి నా నోటికి పట్టలేదు. నాకోసం వాటిని తెలుగులో మనిషి ఒంటి పేర్లతో చెప్పింది. పల్లం నడుమ పొట్ట. పొర్లిపోయే సందు నోరు. కింద బంకమట్టి పరుచుకుని ఉన్నది అడుగు. చుట్టూ తుంగ, జమ్ము ఉన్న చోటు అంచు. వానకు పైనుంచి కొట్టుకొచ్చే ఒండ్రును జమ్ము ఆపుతుంది, పారే నీళ్లను తుంగ నిలబెడుతుంది, నిలబడిన నీళ్లను అంచు కొంచెం కొంచెంగా కిందికి ఊరనిస్తుంది. పారే నీళ్లు వేరు, నిలిచే నీళ్లు వేరు, ఊరే నీళ్లు వేరు. గూడెం తాగేది ఊరే నీళ్లు. నాకు అప్పటిదాకా తెలిసిన మాట ఒకటే, నీళ్లు.

"నువ్వు నోరు కోసినవ్. అడుగు పొడిసినవ్," అంది. కోపంగా అనలేదు. బుట్టకు ఎక్కడ ఈన ఊడిందో చూపించినట్టు అంది. "మా పెద్దమనుసులు కూసున్నరు. నీళ్లు లేకుంటే గూడెం లేపాలె. గోదారి అవుతల సుట్టాలున్నరు. ఈ వానకు ముందు నువ్వు మూస్తవా, మూయవా? మూయనంటే ఇప్పుడే సెప్పు. ఇత్తులు యాడ సల్లుకోవాల్నో సూస్కోవాలె."

నేను జామాయిల్ మొక్కలవైపు చూశాను. మోకాలెత్తు దాటాయి, చక్కగా ఉన్నాయి. కాలువ మూసినా మొక్కలు ఉండొచ్చా అని అడిగాను. ఆమె లేదంది. సగం మూస్తే? నోరు సగం మూయడం ఎట్లనో తనకు తెలవదంది. మా వంశంలో రాయితో కూడా బేరమాడేవాళ్లున్నారు. ఆ రోజు నేను రాయి కన్నా గట్టి మనిషితో ఆడాను. చివరికి, వానకు ముందు మూస్తాను అన్నాను.

ఎలా మూయాలో కూడా ఆమె చెప్పింది. ముందు ఇసక కనబడుతున్న చోట బంకమట్టి పోయాలి. అది పల్లం అంచులో దొరుకుతుంది, తట్టలతో మోయాలి. జానెడు మందం పోసి కాళ్లతో తొక్కాలి, మడమ నొక్కినచోట చెమ్మ ఊరకుండా అయ్యేదాకా. ఆ తర్వాతే ఇంకో జానెడు. ఇరవై మంది, పది రోజులు. తలాడించి ఇంటికి వచ్చాను. దారిలో నా కంటికి కాలువ గట్టున పోసిన మట్టి కుప్ప కనబడింది. తవ్వినప్పుడు తీసిన మట్టే అది, ఇసకా బంకా కలిసిపోయి ఎండింది. తీసిన మట్టిని తిరిగి అందులోనే వేస్తే మూసినట్టు కాదా? ఎవరూ దూరం నుంచి మోయక్కర్లేదు. నలుగురితో ఐదు రోజుల్లో అయిపోతుంది. అయిపోయింది కూడా. పైన రాళ్లు పేర్చి, మట్టితో మెత్తి, చూడ్డానికి బలంగా కట్టించాను. అక్క వచ్చి చూసింది. కాలి మడమతో ఒకసారి నొక్కి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

మొక్కలను మాత్రం పీకలేదు. వానలు వచ్చాక చూద్దామనుకున్నాను.

మృగశిర కార్తె వానలు వారం ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి మాత్రం విడవకుండా మూడు రోజులు కురిశాయి. మూడోరోజు పొద్దున పల్లం నిండిందని తెలిసి నేనూ మా ఆయనా గొడుగులతో వెళ్లాం. గూడెం వాళ్లు అప్పటికే అవతలి గట్టున నిలబడి ఉన్నారు, తలల మీద తాటాకు గూనలు కప్పుకుని. విత్తనాలు చల్లడానికి అదను ఇంకా నాలుగు రోజులే ఉంది. ఇక్కడే చల్లుకోవాలా, మూటలు కట్టి గోదారి దాటాలా అన్నది ఆ కట్ట చెప్పాలి. అందరూ దానివైపే చూస్తున్నారు. నీళ్లు కట్టకు జానెడు కింద ఉన్నాయి. కట్ట కదలలేదు. నాకు ధైర్యం వచ్చింది, గూడెం పెద్దను చూసి చేయి ఊపాను. అతను ఊపలేదు.

అక్క కట్ట మీదికి కాదు, దాని అవతలి పక్క కింది మొదలు వైపు చూస్తోంది. నేనూ చూశాను. అక్కడ బుడగలు లేస్తున్నాయి. ఇసకలోంచి, నల్లగా, ఉడుకుతున్నట్టు. నీళ్లు పైనుంచి దూకడం లేదు, అడుగు నుంచి దారి వెతుక్కున్నాయి. ఎవరైనా అరిచేలోపు పైన పేర్చిన రాళ్లు నడుం విరిగినట్టు కుంగాయి. ఒక రాయి, తర్వాత మూడు, తర్వాత కట్టంతా. కాలువ వెడల్పు రెండింతలైంది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. మేము నిలబడిన గట్టు కూడా జారిపోతోందని అప్పుడు తెలిసింది.

అవతలి గట్టు మీద జనం ఒక్కొక్కరే అడవిలోకి తిరిగారు. మధ్యాహ్నానికి నాలుగిళ్లవాళ్లు మూటలు, కోళ్లు, విత్తనాల సొరబుర్రలు తీసుకుని బయలుదేరారు. వాళ్లలో అక్క కూతురు, అల్లుడు, కూతురి ఒళ్లో నెలల బిడ్డ ఉన్నారు. ఎక్కడైనా సరే అదను పోకముందు చల్లుకోవాలి. మిగిలిన తొమ్మిది ఇళ్లవాళ్లు ఇక్కడే చల్లుకున్నారు. ఎందుకు ఉన్నారని నేను అక్కను తర్వాతెప్పుడో అడిగాను. ముసలోళ్లు నడవలేరు గనక అంది. నామీద నమ్మకంతో కాదని చెప్పకుండా చెప్పింది.

వాన వెలిసిన మూడోరోజు ఆమె దుకాణానికి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఈసారి తాము చేస్తామంది. ఇంతమంది, ఇన్నాళ్లు, రోజుకు ఇంత కూలి అంది. నేను నోరు తెరిచాను.

"బేరం జెయ్యకు," అంది. "ఇయ్యాల గాదు."

నోరు మూసుకున్నాను. నా జీవితంలో చెప్పిన ధరకు మొదటిసారి తలూపింది అప్పుడే. లోపల ఎక్కడో మా నాయిన తక్కెడ పక్కన కూర్చుని తల పట్టుకున్నట్టు అనిపించింది.

ముందు తడికెలు అడ్డం నాటి, వాటి వెనక మట్టి మెత్తి, నీళ్లను ఒక పక్కకు తిప్పారు. అంచు నుంచి బంకమట్టి తట్టలు వచ్చాయి. తొక్కడానికి కాళ్లు చాలలేదు. అక్క నావైపు చూసింది, నేను చీర ఎగదోపి దిగాను. బంకమట్టి చల్లగా, మొండిగా ఉంటుంది. కాలు లోపలికి పోనిస్తుంది గానీ బయటికి రానివ్వదు. పక్కనున్న ముసలమ్మ నా నడక చూసి వాళ్ల భాషలో ఏదో అంటే అందరూ నవ్వారు. ఏమందని అడిగితే ఒక పిల్ల చెప్పింది, సావుకారమ్మ తక్కెడలో నిలబడ్డట్టు తొక్కుతోందని. మబ్బు ఎప్పుడు కమ్ముకుంటుందోనని అందరి తలలూ మాటిమాటికీ పైకి లేస్తున్నాయి. ఆరో రోజు సాయంత్రం చినుకులు పడ్డాయి. అక్క మడమతో నొక్కి చూసి, ఆపొద్దంది. వానలోనే తొక్కాం. తొమ్మిదో రోజు నోరు పాత ఎత్తుకు వచ్చింది.

ఆ తొమ్మిది రోజులూ మా ఆయన బడి విడవగానే వచ్చి, ఒక్కో జామాయిల్ మొక్కను వేళ్లతో సహా తవ్వి గట్టున పడేశాడు. నన్ను అడగలేదు. కొన్ని మళ్లీ చిగిర్చాయి, వాటిని మళ్లీ తవ్వాడు. కాలువ గట్లమీద తుంగ దుంపలు, జమ్ము పిలకలు గూడెం ఆడవాళ్లు గుచ్చారు. తుంగ అంటుకుంది. జమ్ము సగం కుళ్లింది.

ఆపైన ఎదురుచూడటం. పల్లంలో ఒక వెదురు బొంగు పాతి గంట్లు పెట్టాను. వారానికోసారి వెళ్లి చూసేదాన్ని. కార్తీకంలో నీళ్లు ఏడో గంటు మీద, మాఘంలో ఐదో గంటు మీద. ఫాల్గుణంలో మూడు. నీళ్లు తగ్గుతుంటే నాకు నిద్ర తగ్గింది. అవి అంచులోంచి ఊరి పోతున్నాయా, అడుగు చిరుగులోంచి పోతున్నాయా, ఎండకు పోతున్నాయా? పైనుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. చెలిమెను తవ్వితేగాని తెలియదు. చెలిమె మాత్రం ఒర్రె పూర్తిగా ఎండాక తవ్వాలని, ముందే తవ్వితే మోసపోతామని అక్క అంది.

వైశాఖంలో ఒక ఉదయం నన్ను పిలిపించింది. తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లూ ఒర్రెలో ఉన్నారు. ఇసక మోకాలు లోతు తీశారు, పొడి. నడుం లోతు తీశారు. అక్క గుంటలోకి దిగి చిప్పతో గీకి, అరచెయ్యి అడుగున ఆనించి ఉంచింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను, ఆమె ఏమీ కనిపించనివ్వదు. చాలాసేపటికి చెయ్యి తీసింది. అరచేతి గుర్తు పడినచోట, ఐదు వేళ్ల ఆకారంలో, నీళ్లు నిండుతున్నాయి.

పరుగెత్తే నీళ్లు కావు. వక్కాకు వేసుకునేంతలో బిందె నిండేదట పాతరోజుల్లో. ఇప్పుడు ఒక బిందెకు అన్నం వండుకునేంత సేపు పట్టింది. కానీ తీస్తే మళ్లీ ఊరింది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం, మళ్లీ మళ్లీ ఊరింది. అక్క మొదటి బిందెను ఎత్తుకుంటూ, "ఉంటం," అంది. అంతే అంది.

ఈ మధ్య పుస్తకాల్లో అలాంటి నేలను చిత్తడి నేల అంటున్నారు. మేం చేసినదాన్ని పునరుద్ధరణ అంటారట. ఆ మాట చదివినప్పుడల్లా, పోయినదంతా లేచి నిలబడినట్టు వినబడుతుంది. కాబట్టి బిల్లు ఇక్కడ నిజాయితీగా వేస్తున్నాను, ఏ వైపూ తగ్గించకుండా.

తిరిగి వచ్చినవి: పొట్టలో నీళ్లు, పాతదానికి ముప్పావు వంతు. తుంగ మొత్తం. కొంగలు రెండో ఏటికి. కొర్రమీనులు మూడో ఏటికి, ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పలేకపోయారు. చెలిమెలో ఊట, నెమ్మదిగానైనా, ఏ ఎండాకాలమూ తప్పకుండా.

రానివి: జమ్ములో సగం. అడుగులో కొసరుగా పొడిపించిన చోట పాత గట్టిదనం; ప్రతి రెండేళ్లకూ అక్కడ మళ్లీ తొక్కాలి, తొక్కుతున్నాం. ఒక ఎండాకాలమంతా రెండు కోసులు నడిచిన ఆడవాళ్ల కాళ్లు.

గోదారి దాటిన నాలుగిళ్లు. వాటిని పొడిచిన అడుగు ఖాతాలో వేయడానికి లేదు. కట్ట తెగిన రోజుకు అడుగు పొడిచి ఏడాది దాటింది, వాళ్లు ఇంకా గూడెంలోనే ఉన్నారు. వాళ్లు వెళ్లింది నేను ఇరవై మందికి బదులు నలుగురితో మూయించినందుకు. అక్క తన మనవడిని రెండేళ్లకోసారి, వాగులు తగ్గాక, మూడు రోజులు నడిచి వెళ్లి చూసి వస్తుంది. ఆ బాకీ నాదే. తీరలేదు.